గిడ్డయ్య మామ తోడేలు వేషం

కల్లూరు
22 జనవరి 1934

అక్కకు దావీదు వందనాలు.

ఈడ మామా, అత్తా, నేను కులాసాగా ఉండాం. కడప ఆసుపత్రిలో నీకు నర్సు పని ఎక్కువైందని విన్నా. వేళకు తిను.

మద్రాసు నుంచి వచ్చేసినావు, ఇంక ఏం జేస్తావని అడిగినావు గదా. నేను పని చేసిన మూగబొమ్మల సినిమా కంపెనీ మూతబడింది. ఇప్పుడు జనమంతా మాటలొచ్చే బొమ్మల వెనక పడినారు. మా యజమాని పోతా పోతా చేత్తో తిప్పే కెమెరా పెట్టె ఒకటి, మిగిలిపోయిన ఫిలిం డబ్బాలు నా చేతిలో పెట్టినాడు. వాటితో నేనే ఒక బొమ్మ తీస్తాండా అక్కా. నవ్వొద్దు. పేరు "మనిషి తోడేలు".

కథ చెప్తా విను. ఒక గొర్రెల కాపరి ఉంటాడు. కొండగట్టు మీద వాన్ని తోడేలు కరుస్తాది. పున్నమి రాగానే వాని ఒళ్ళంతా వెంట్రుకలు మొలిచి తోడేలైపోతాడు. తెల్లారితే మళ్ళా మనిషి. తెల్లారినాక చేతులకు నెత్తురు చూసుకుని ఏడుస్తాడు. కాపరి ఎవరనుకుంటాండావు? మన గిడ్డయ్య మామే. మేకలు కాసే మనిషి గదా, నేర్పే పనే ల్యా. నా జతగాడు జమాల్ బాషా పెట్టె తిప్పుతాడు. వాళ్ళమ్మ మున్నీ బీ పాత గొంగడి కత్తిరించి తొడుగు కుట్టింది. మొగానికి నల్లమేక వెంట్రుకలు తుమ్మబంకతో అంటిస్తాం. కాపరి పెండ్లాం వేషం వెయ్యమని అత్తను బతిమాలినా. "నలుగుర్లో నా మొగం గోడ మీద ఎక్కిస్తావా, పో" అని చీపురు తీసింది. ఇంక జమాలే చీర కట్టినాడు. వాడు చీరలో ఉన్నప్పుడు పెట్టె నేను తిప్పుతా.

జగన్నాథగట్టు కొండ కింద మొదటిసారి మామ నాలుగు కాళ్ళ మీద నడిచినాడు. ఆయన్ను చూసి సొంత మేకలే చెదిరిపోయినాయి. మామ మనిషి కాడక్కా ఇప్పుడు!

మూగబొమ్మకు నడిమధ్యలో అక్షరాల పలకలు కావాల. నీ చేతిరాత ముత్యాల మాదిరి ఉంటాది. రాసి పంపిస్తావా?

నీ తమ్ముడు
దావీదురాజు


కడప
29 జనవరి 1934

చిరంజీవి దావీదుకు అక్క విశ్వాసమ్మ దీవెనలు.

నీ జాబు చదివి రెండు దినాలు నాకు మనసు మనసులో లేదు. అమ్మ పోయినాక మనల్ని కడుపులో పెట్టుకుని సాకిన మేనమామను నాలుగు కాళ్ళ మీద నడిపిస్తావా? ఊళ్ళో జనం ఏమనుకుంటారో ఆలోచించినావా? మన పక్క మనిషి మృగమౌతాడంటే నమ్మేవాళ్ళు ఈ కాలంలోనూ ఉన్నారు. ఎవరి మేక పోయినా, ఎవరి బిడ్డకు జ్వరం వచ్చినా మామ ఇంటి దిక్కే చూస్తారు. అట్లాంటి చూపు ఒకసారి పడితే పోదు నాయనా. నాకు భయంగా ఉంది.

పలకలు నేను రాయను. పెట్టె అమ్మేసి వేరే పని చూసుకో. అత్తకు నడుమునొప్పికి నూనె పంపినాను, చేరిందా?

నీ మేలు కోరే
అక్క


కల్లూరు
6 ఫిబ్రవరి 1934

అక్కకు,

నూనె చేరింది. నీ మాటలూ చేరినాయి.

నీ భయమేందో నాకు తెలుసులే. మామ మేకలు కాసేటోడని నీకు నామోషీ. దొరసానుల పక్కన తెల్లబట్టలు కట్టుకుని తిరిగే నర్సమ్మకు గొంగడి కప్పుకునే మామ ఉండాడని గోడ మీద బొమ్మ పడితే ఎట్లా? ఆ మాటే మామకు చెప్తే ఆయన నీ తట్టే మాట్లాడినాడు. "అది నన్ను తలుచుకుని బయపడతాండాది గానీ సిగ్గుపడ్ల్యా అల్లుడా" అన్నాడు. ఆయన మంచితనం ఆయనది.

మా పని ఆగలే. పోయిన శనివారం ఎవరూ తియ్యలేని ముక్క ఒకటి తీసినాం. ఎండ వాలుతాండాది. మామ వేషంలో బండల మీద నుంచి కిందికి దిగుతాండాడు. యాడి నుంచి వచ్చిందో ఒక ఎర్రకుక్క. మొరగలే, గుర్రుమనలే. తల వంచుకుని తిన్నగా వచ్చి మామ మీద పడింది. నిజం తోడేలనుకునిందేమో! మామ దాన్ని పట్టుకుని దొర్లుతాండాడు. జమాలు బెదిరిపోయి కూడా పెట్టె తిప్పడం ఆపలే. నేను పోయి కుక్క మూతి పట్టి లాగినా. మామకు దవడ మీద, భుజం మీద పండ్లు దిగినాయి. అత్త పసరు పిండి కట్టింది. నా బొటనవేలు కూడా కొంచెం గీసుకుపోయింది, దాన్ని లెక్కపెట్టద్దు. కుక్క అట్లే తూలుకుంటా వంకలోకి పోయింది.

ఆ ముక్క కడిగి చూస్తే అక్కా, నిజం భయం నిజంగానే పడుంది. మామ కండ్ల కోసమే దాన్ని మళ్ళా మళ్ళా చూసినా. "బాగుందప్పా మామా, మద్రాసులో ఎవరూ ఇట్ల చెయ్యలేరు" అన్నా. ఆయన చిన్నపిల్లోని మాదిరి నవ్వినాడు.

పలకలు మున్నీ బీ అన్న కొడుకుతో రాయించుకుంటాలే.

దావీదు


కడప
10 ఫిబ్రవరి 1934

దావీదూ,

కుశలప్రశ్నలకు ఇప్పుడు తీరిక లేదు. ఈ జాబు చేతికందిన వెంటనే, అన్నం ముందున్నా లేచి, మామను తీసుకుని హంద్రి ఏరు దాటి కర్నూలు పెద్దాసుపత్రికి పో. నువ్వూ చూపించుకో. మొరగకుండా వచ్చి, తూలుకుంటా పోయిన కుక్క అది. దాని నోట్లో సొంగ ఉండిందా? ఆ కుక్క ఏమైందో కనుక్కున్నావా?

పిచ్చికుక్క కరిస్తే పసరు పని చేయదు నాయనా. బొడ్డు చుట్టూ సూదులు వేస్తారు, వరసగా వేయించుకోవాల. నొప్పిగా ఉంటుంది గానీ మనిషి దక్కుతాడు. గాయం మానింది కదా అనుకుంటే మోసపోతాం. గాయం మానినాక, అంతా మరిచినాక అది బయటపడుతుంది. బయటపడితే మా డాక్టరమ్మ చేతిలోనూ ఏమీ లేదు. పోయిన ఎండాకాలం ఇక్కడికి కమలాపురం తట్టు నుంచి ఒక రైతును తెచ్చినారు. నేనే దగ్గర ఉన్నాను. లోటాతో నీళ్ళు చూపిస్తే ఆయన గోడకు అంటుకుపోయినాడు. ఇంతకంటే రాయలేను.

మామ అంటే నాకు సిగ్గని రాసినావు. దానికి జవాబు తర్వాత చెప్తాను. ముందు పో.

అక్క


కల్లూరు
16 ఫిబ్రవరి 1934

అక్కకు వందనాలు.

నీ జాబు చూసి ముందు కోపమొచ్చింది. బొమ్మ ఆపించేదానికి కొత్త దోవ పట్టినావనుకున్నా. అయినా మామకు చదివి వినిపించినా. "పోతాలే అల్లుడా, నువ్వు నీ పని చూసుకో, పెద్దాసుపత్రి నాకు తెలీదా" అన్నాడు. ఆ దినం నుంచి పొద్దున్నే మేకలను పక్కింటోళ్ళకు అప్పజెప్పి కర్నూలు పోయి వస్తాండాడు. సూదులు ఎట్లుండాయి మామా అంటే, "తుమ్మముల్లు గుచ్చుకోలేదా, అంతే" అంటాండాడు. ఇంక నీ మనసు కుదుటపడిందా?

కుక్క సంగతి అడిగినా. కనపల్యా. నా వేలిది వట్టి గీత. కుక్క పన్ను తగిలిందో, బండ తగిలిందో నాకే తెలీదు.

బొమ్మ అయిపోవచ్చింది. రీళ్ళు కడిగేదానికి నీళ్ళు శానా కావాల. బావి నీళ్ళు తోడితే ఆడోళ్ళు తిట్టినారు, కాలవ గట్టుకు తీసకపోయి కడిగినాం. మొన్న ఇంటి గోడ మీద తెల్లపంచె కట్టి మనోళ్ళకు మాత్రం ఒక రీలు వేసినాం. దేవేంద్రప్ప కూడా వచ్చినాడు, ఊరి పెద్ద గదా. మామ మొగం మీద వెంట్రుకలు మొలిచేది చూసి లేచి నిలబడినాడు. "ఇది ఊరికి మంచిది కాదప్పా" అని బయటికి పోయినాడు. జమాలు నవ్వినాడు. నాకు నవ్వు రాలే.

దావీదు


కడప
22 ఫిబ్రవరి 1934

చిరంజీవి దావీదుకు,

మామ సూదులు వేయించుకుంటున్నాడని చదివి ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను. ఆ దినం ఆకలేసి అన్నం తిన్నాను. నీ మీద కోపం కూడా పోయింది. దీంతోపాటు పలకలు పంపుతున్నాను. నీ మొదటి జాబులో కథ చూసి, నల్ల అట్ట మీద తెల్లరంగుతో రాసినాను. "వాని చేతులు వానివేనా?" అనేది ఒకసారి చెరిపేసి మళ్ళా రాసినాను. ఎందుకు రాస్తున్నావంటే ఏం చెప్పేది? మీరంతా ఒక పని మీద ఉంటే నేనొక్కదాన్నే దూరంగా ఉండలేకపోయినాను.

సూదులు పడినచోట వాపు, ఎరుపు ఉంటాయి. మామ బొడ్డు చుట్టూ చూసి నాకు రాయి. ఎక్కువ వాస్తే తడిగుడ్డ వేయమని అత్తకు చెప్పు.

నీ వేలు సంగతి. గీత అయినా సరే పో. పన్ను తగిలిందో లేదో తెలీదంటున్నావు కదా, ఆ తెలీనిదానికే పో. నాకు ఉన్నది నువ్వొక్కడివే తమ్ముడివి.

ప్రేమతో
అక్క


కల్లూరు
11 మార్చి 1934

అక్కా,

నేను ఎట్ల రాయాల్నో తెలీడంల్యా. నీ జాబు వచ్చిన దినం మామను అడిగినా, అంగీ ఎత్తు మామా, అక్క చూడమన్నాదని. "రేపు చూద్దువులే" అన్నాడు. మరుసటి దినమూ అట్లే అన్నాడు. నాకు బొమ్మ పని, ఇంక మరిచిపోయినా.

మొన్న గురువారం దవడ మీద పాతగాయం తిమ్మిరిగా ఉండాదన్నాడు. శుక్రవారం జ్వరం. నిన్న అత్త అంబలి ఇస్తే గిన్నె నోటికాడికి తెచ్చుకుని విసిరికొట్టినాడు. గొంతు బిగుసుకుపోయింది. అప్పుడు అంగీ ఎత్తి చూసినా అక్కా. కడుపు మీద ఒక్క మచ్చ ల్యా. చిన్నబిడ్డ కడుపు మాదిరి ఉండాది.

మామ నా మొగం చూసి చెప్పినాడు. "మొదటి దినం ఆసుపత్రి గుమ్మందాకా పోయినా అల్లుడా. లోపల ఎవడో అరుస్తాండాడు. ఆ అరుపు వినలేక తిరుక్కున్నా. ఆ తర్వాత హంద్రి ఇసకలో కూర్చుని కూర్చుని వచ్చేవాన్ని."

ఎందుకు చెప్పలేదు మామా అన్నా.

"చెప్తే నువ్వు బొమ్మ ఆపేస్తావు. బాగా చేసినావని నన్ను ఎవురన్నా అన్నారా ఇన్నేండ్లలో?"

గట్టు మీద ఒంటరిగా నిజం తోడేళ్ళను కట్టెతో తరిమిన మనిషి. సూదికి భయపడినాడు.

ఈ పొద్దు ఆయనే చెప్పినాడు, "నన్ను కట్టేయండి. మీ అత్తను దగ్గరికి రానీయద్దు" అని. గాలి తగిలినా ఒళ్ళు విరుచుకుంటాండాడు. నడుమ నడుమ బాగా తెలివిగా ఉంటాడు, మేకలు నీళ్ళు తాగినాయా అని అడుగుతాడు. నీళ్ళు అనే మాట అనంగానే మళ్ళా మొదలైతాది. ఆ గొంతు మనిషి గొంతు మాదిరి ల్యా. వీధిలో పిల్లోళ్ళు విన్నారు. సాయంత్రం దేవేంద్రప్ప పదిమందితో కట్టెలు పట్టుకుని వచ్చినాడు. "గోడ మీద చూసిందే ఇప్పుడు ఇంట్లో చూస్తాండాం. ఈ దినం ఈ ఇల్లు, రేపు ఊరు. వాన్ని గట్టు మీద వదిలేయండి, తర్వాత సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. జమాలు వాకిలికి అడ్డంగా కూర్చున్నాడు. "నన్ను దాటి పోండి" అన్నాడు. అత్త ఎర్రమట్టి నేల మీద కూర్చుని వాళ్ళందరి కాళ్ళు చూస్తాండాది. వాళ్ళు పోయినారు గానీ, వీధి చివర నిలబడి ఉండారు.

నేను నీళ్ళ చెంబు దగ్గరికి పోవాలంటే భయపడతాండా అక్కా. నా గొంతు కూడా బిగుస్తాదేమోనని. రేపే పోయి సూదులు వేయించుకుంటా. ఆలస్యమైపోయిందా? నిజం చెప్పు.

దావీదు


కడప
13 మార్చి 1934

దావీదూ,

ఆలస్యం కాలేదు. పో. ఒక్క దినం కూడా తప్పద్దు.

రాత్రి బండికి వస్తున్నాను. గుంతకల్లులో మారాల. ఈ కార్డు ముందు చేరుతుందో, నేను చేరుతానో. మామ సొంగ ఎవరికీ తగలనీయద్దు. గది చీకటి చేయి, గాలి రాకుండా తడిక కట్టు, చెంబులన్నీ కనపడకుండా తీసెయ్. ఆయన తెలివిగా ఉన్నప్పుడు నేను వస్తున్నానని చెవిలో చెప్పు. పక్కనే కూర్చో. భయపడుతూనే కూర్చో.

అక్క


కల్లూరు
20 ఏప్రిల్ 1934

అక్కకు,

మామను మట్టి చేసినాక నువ్వు అత్తను కడపకు తీసకపోయినావు. అప్పట్నుంచి ఇల్లు ఇల్లుగా ల్యా. మామను చూసేదానికి నువ్వు ఒక్క పూట ఆలస్యమైనావని అత్త అనుకుంటాండాదా? అట్ల అనుకోవద్దని చెప్పు. నువ్వు వస్తాండావని నేను చెవిలో చెప్పినప్పుడు ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. విన్నాడు.

నా సూదులు అయిపోయినాయి. కడుపంతా రాయి మాదిరి గట్టిపడింది. అయినా నాకు ధైర్యం రాలే. పొద్దున లేస్తానే ముందు చెంబు చూస్తా. ఒక గుక్క మింగుతా. దిగింది అనుకుంటా. గంట కాకముందే మళ్ళా అనుమానం. వేలు దురద పెడితే చెమటలు పడతాండాయి. కుక్క మొరిగితే వణుకు, మొరగకపోతే ఇంకా వణుకు. అద్దంలో నా దవడ చూసుకుంటా. ఈ బొమ్మ నేను తీసిందే గదా అక్కా. ఒకడు తన ఒంట్లో మృగం ఎప్పుడు లేస్తాదోనని కాచుకోని ఉండే బొమ్మ. తీసేటప్పుడు అది ఎట్లుంటాదో నాకు తెలీదు.

ఊళ్ళో మన ఇంటి ముందర నడిచేటోళ్ళు ల్యారు. మేకలను కూడా ఎవురూ కొనలే. రీళ్ళన్నీ మూటగట్టి జమాలుకు ఇచ్చినా, కాలవలో పారెయ్యమని. వాడు తీసకపోయినాడు.

అత్త అన్నం తింటాండాదా?

దావీదు


కడప
2 మే 1934

నాయనా దావీదూ,

అత్త తింటున్నది. తక్కువే. నాతో ఆసుపత్రికి వచ్చి దూది ఉండలు చేస్తుంది.

నీ భయం పోవాలంటే నేను చెప్పే మాటలు చాలవు. నాకూ భయమే. నీ జాబు రెండు దినాలు ఆలస్యమైతే తపాలా మనిషి దోవ చూస్తూ గేటు దగ్గరే నిలబడతాను. దినాలు పోతుండేకొద్దీ మనకు మేలు. అది ఒక్కటే నాకు తెలిసిన వైద్యం. నీళ్ళు తాగు. తాగినానని రాయి. ప్రతి జాబులో అదే రాయి, నాకు విసుగు రాదు.

అక్క


రాయచోటి
4 నవంబరు 1934

చిరంజీవి దావీదుకు అక్క ఆశీస్సులు.

ఈ ఊరి పేరు చూసి ఆశ్చర్యపోతావు. అత్తా, నేనూ ఇక్కడ ఒక బడి వరండాలో దిగినాం. కోప్పడకుండా చదువు. జమాల్ బాషా రీళ్ళు కాలవలో వేయలేదు. గట్టు దాకా పోయి, చేతులు రాక వెనక్కి తెచ్చుకున్నాడంట. ఇప్పుడు బండి మీద గుడారం, చేతి యంత్రం, గ్యాసు దీపం వేసుకుని ఊరూరూ తిరుగుతున్నాడు. మొన్న కడప సంతలో మాకు ఎదురుపడి తల వంచుకుని నిలబడినాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టినాను. అంతా అయినాక అత్త అడిగింది: "మల్లా యాడ ఆడిస్తావప్పా?" రాయచోటిలో అన్నాడు. "నేను వస్తా" అన్నది. ఎంత చెప్పినా వినలేదు.

నిన్న పొద్దుగూకినాక చూసినాం. నీ బొమ్మను గురించి నిజమే రాస్తాను. చీరలో ఉన్న జమాలుకు గడ్డం కనపడుతుంది. రాత్రి అని పలక పడుతుంది గానీ బండల కింద ఎండ నీడలున్నాయి. అవే మూడు గుడిసెలు ఊరంతా అయినాయి. ఒకచోట కెమెరా పెట్టె నీడ కూడా పడింది. జనం అవేవీ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. తొడుగు వేసుకున్న తోడేలుకు నేను భయపడలేదు దావీదూ. తెల్లారినాక మామ తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంటాడే, వాటిని మేక ఒంటికి తుడుస్తాడే, మేక ఆయన్ను నమ్మి అట్లే నిలబడి ఉంటుందే, అక్కడ భయపడినాను. నువ్వు నేర్పింది కాదు అది. ఆయన నుంచి రాబట్టినావు, చెడగొట్టకుండా పట్టుకున్నావు. మంచి పని చేసినావు తమ్ముడూ. ఇది నీకు ఎవరో ఒకరు చెప్పాల.

కుక్క వచ్చే ముక్క కూడా ఉంది. నేను కండ్లు మూసుకున్నాను. అత్త మూసుకోలేదు. నా చెయ్యి పట్టుకుని చూసింది.

చివర తోడేలైన కాపరి తన ఇంటి గుమ్మం ముందుకు వస్తాడు కదా. లోపల పెండ్లాం వేషంలో జమాలు గడియ పెట్టుకుని వణుకుతుంటాడు. బయట మామ రెండు చేతులూ తలుపు మీద పెట్టి, తట్టడానికి భయపడి, అట్లే నిలబడతాడు. జనం కేకలు పెట్టినారు. ముందు కూర్చున్న పిల్లలు వెనక్కి ఉరికినారు. "తీయొద్దమ్మా, తలుపు తీయొద్దు" అని ఆడవాళ్ళు అరుస్తున్నారు.

అప్పుడు అత్త లేచి నిలబడింది. దీపం వెలుగు ఆమె తల మీద నుంచి పోయి తెర మీద ఆమె నీడ పడింది. పెద్ద గొంతుతో, పొలం నుంచి వచ్చిన మనిషిని పిలిచినట్టు పిలిచింది:

"వచ్చినావా? ఈడ ఎవురూ నిన్ను ఏమనరు. లోపలికి రాప్పా."

యంత్రం తిప్పుతూ నోటితో కథ చెప్తున్న జమాలు కథ మధ్యలో ఆపేసినాడు. యంత్రం ఆపితే ఫిలిం కాలిపోతుంది కాబట్టి ఏడుస్తూనే తిప్పుతున్నాడు. తెర మీద మామ తలుపు వదిలి, గట్టు దిక్కు తిరిగి, మెల్లగా నడిచిపోయినాడు. ఆయన కనపడకుండా పోయిందాకా అత్త నిలబడే ఉంది. ఎవరూ ఆమెను కూర్చోమనలేదు. వెనక ఒక ముసలాయన తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఈ పొద్దు అత్త జొన్నరొట్టె మొత్తం తినింది. తిని, "దావీదు ఒక్కసారన్నా దీన్ని జనంలో కూర్చుని చూసినాడా?" అని అడిగింది. లేదన్నాను.

జమాలు ఇక్కడ ఇంకా వారం ఉంటాడు. దినమూ రాత్రి ఆట ఉంది, మేమూ ఉంటాం. బస్సెక్కి రా. మా ఇద్దరి నడుమ నీకు చోటు పెట్టినాం.

అక్క విశ్వాసమ్మ